సంతకాల పైన నేను రాసిన మాట

చెబితే నవ్వుతారు. ఇన్నేళ్లు చెప్పకపోవడానికి సగం కారణం అదే. తప్పు చేసినవాడికి శిక్ష అంటే భయం ఉంటుంది. నాకు మాత్రం మీరు నవ్వి వదిలేస్తారేమోనని భయం. ఎందుకంటే నా తప్పు ఒక వీడియో గేమ్ గురించి. మంచుకొండ మీది నుంచి పలక మీద నిలబడి జారే ఆట. కోరుట్లలో, మంచు అంటే ఐసుగడ్డ తప్ప ఎరగని మనుషుల మధ్య, ఆ ఆట బాగుందా బాగాలేదా అన్నదాని మీద నేనొక అబద్ధం రాశాను. అంతే. ఆ 'అంతే' దగ్గరే పదేళ్ల పైబడి ఆగిపోయి ఉన్నాను.

మీరెవరో నాకు తెలియదు. నాకు కావలసిందీ అదే. తెలిసినవాళ్లకు చెబితే పోనీలే అంటారు. పోనివ్వడానికి వాళ్లెవరు?

మాది సిరిసిల్ల. మరమగ్గాలను మా దగ్గర సాంచాలంటారు, నాన్న వాటి మీద పని చేసేవాడు. డిగ్రీ చదవడానికి నేను కోరుట్లలో మేనత్త ఇంట్లో ఉండేవాణ్ణి. చదువు పేరుకే. తెలంగాణ ఉద్యమం రోజులవి, కాలేజీ నెలకు పది రోజులు నడిస్తే గొప్ప. పొద్దున చౌరస్తాలో రిలే దీక్ష టెంటు కింద కూర్చునేవాళ్లం. గొంతు పోయేదాకా అరిచి, మధ్యాహ్నం నుంచి యూసుఫ్ భాయ్ దుకాణంలో పడేవాళ్లం.

యూసుఫ్ భాయ్ ఏడేళ్లు గల్ఫులో పని చేసి తిరిగొచ్చిన మనిషి. మిగతావాళ్లు దుప్పట్లు, సెంటుసీసాలు తెచ్చుకుంటే ఈయన ఆట డబ్బా తెచ్చుకున్నాడు. ఇంటి ముందు గదిలో టీవీకి తగిలించి గంటల లెక్కన ఆడించేవాడు. ముందు గదికి, లోపలి గదికి మధ్య ఒక పచ్చ పరదా. పరదా వెనక ఆయన అక్క రేహానా బీడీలు చుట్టేది. భర్త అప్పటికింకా దుబాయిలోనే. మేమంతా ఆమెను ఆపా అనేవాళ్లం. ఆమె నన్ను, అందరిలాగే, సిరిసిల్లా అని పిలిచేది. ఆ దుకాణంలో నా పేరు అదే.

పాత ఆట సరదా ఆట. తెర సగానికి చీలేది, ఇద్దరం భుజం భుజం ఆనించుకుని కూర్చుని పోటీపడేవాళ్లం. రంగురంగుల కొండ, గాల్లో పల్టీలు, ఎంత ఎత్తు నుంచి పడ్డా దులుపుకుని లేచే మనుషులు. ఆ ఆటలో రెండేళ్లు మొదటి పేరు నాది. చదువులో ఎప్పుడూ మొదటివాణ్ణి కాలేదు. ఇంట్లో కూడా నేను మూడోవాణ్ణి. టీవీ మీద స్కోర్ల పట్టీలో నా పేరు పైన ఉండటం ఎంత తీపిగా ఉండేదో మీకు చెప్పినా తెలియదు.

అదే ఆటను ఏళ్ల తర్వాత మళ్లీ మొదటి నుంచి కొత్తగా తయారు చేశారు. పాత డబ్బాలో అది నడవదు. యూసుఫ్ భాయ్ జగిత్యాలలో అమ్మే ఆయన్ని బతిమాలి కొత్త డబ్బాను పదిహేను రోజుల షరతు మీద తెచ్చాడు. నడిస్తే ఉంచుకోవాలి, లేదా వాపసు ఇవ్వాలి. ఉంచుకుంటే ఆపాకు ఒక మాట ఇచ్చాడు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా కొత్త డబ్బా లోపలి గదిలోకి పోతుంది. ఆ రెండు గంటలు ఆడవాళ్లవి. నడిపేది ఆపా. పాత డబ్బా మీద మేము ముందు గదిలో మా గోల మేము చేసుకోవచ్చు.

ఆపా అప్పటికే వాడలో బీడీలు చుట్టే ఏడెనిమిది మందిని అడిగి ఒప్పించింది. లోపలి గదిలో టీవీ పెట్టడానికి చెక్క పలక కొట్టింది నేనే. మేకులు పట్టుకుని పక్కన నిలబడింది ఆమె. అందుకే నాకు తెలియదు అని చెప్పుకునే దారి కూడా లేదు.

ఇక ఆట సంగతి. అది చూసి దుకాణం రెండుగా చీలింది. రెండుగా కూడా కాదు, ఎంతమంది ఉంటే అన్ని ముక్కలుగా. కొత్త దాంట్లో కొండలు నిజం కొండల్లా ఉన్నాయి. వెనక నుంచి మంచు విరిగిపడి తరుముకొస్తుంది. పైకి పోతే ఊపిరి అందదు. లోయలో పడితే చస్తావు. పడ్డప్పుడు ఒక బటన్ నొక్కి పట్టుకుంటే ఆట వెనక్కి తిరిగి, పడకముందు నిలబడ్డ చోటికి తెచ్చి పెడుతుంది. అన్నింటికంటే పెద్ద మార్పు, పక్కన మనిషి ఉండడు. ఒక్కడివే ఆడాలి. నీకంటే ముందు ఆడినవాడి నీడ మాత్రం తెర మీద నీ ముందు జారుతూ పోతుంది, దాంతోనే నీ పోటీ.

నాకు చిన్నప్పటి నుంచీ ఒక జబ్బు ఉంది. ఎవరికి ఏది నచ్చిందో కాదు, ఎందుకు నచ్చిందో తెలుసుకోవాలి. ఒక నోటుబుక్కు కొని ఒక్కొక్కరినీ పట్టుకుని అడిగాను. ఆటో నడిపే ఒకతను, "పక్కపొంటి మనిషి లేకుంటే ఎవల్ని తిట్టాలె?" అన్నాడు. గల్ఫు నుంచి సెలవు మీద వచ్చిన ఇంకొకతను మాత్రం గంటసేపు కళ్లార్పకుండా ఆడి, ఎండలో పని చేసినవాడికి ఆ తెల్లదనం చూస్తేనే కడుపు చల్లబడుతుందన్నాడు. కొడిమ్యాల నుంచి వచ్చి చదువుకునే నా క్లాసువాడు ఆటలో ఒక్కసారి చచ్చి చేతిలోది పక్కన పెట్టేశాడు. "బయట పోరలు సచ్చుడు సూస్తనే ఉన్నం. ఆటల గూడనా?" అన్నాడు. ఒకడు పాత పాటలు లేవని అలిగాడు. ఒకడికి ఆ వెనక్కి తిరిగే బటన్ మోసం అనిపించింది, ఇంకొకడికి ఆ బటన్ వల్లే ఆట మీద ధైర్యం కలిగింది. వెనక్కి తిరిగే బటన్ గురించి ఇక్కడ నేనేమంటానో మీరు ఊహించే ఉంటారు. అనను.

పద్నాలుగు మందిని అడిగాను. ఏడుగురికి నచ్చింది, ఐదుగురికి నచ్చలేదు, ఇద్దరు ఎటూ చెప్పలేదు. పదిహేనో వరుసలో నా పేరు రాసుకుని, ఎదురుగా ఖాళీ వదిలాను.

ఎందుకు వదిలాను? అక్కడ ఒక చిక్కు ఉంది.

కొత్త ఆట పట్టీలో మొదటి పేరు నాది కాదు. 'ఏ ఏ ఏ' అని ఉంది. పేరు పెట్టుకోవడానికి మూడు ఇంగ్లీషు అక్షరాలకు చోటు ఉంటుంది. ఏమీ కొట్టకుండా వదిలేస్తే ఆటే ఆ మూడు ఏలు పెట్టుకుంటుంది. కాబట్టి అది మిషిను సొంత స్కోరు అనుకున్నారు అందరూ. మిషినును ఎవడు కొడతాడు? నేనూ అదే అనుకున్నాను, నాలుగో రోజు దాకా. నాలుగో రోజు ఆ స్కోరు పెరిగింది. ఐదో రోజు ఇంకా పెరిగింది. మిషిను సాధన చేస్తుందా? ఆ నీడ వెనక నేను జారి చూశాను. అది నేను దూకని చోట దూకుతోంది. నేను భయపడి పక్కకు తిరిగే లోయ అంచున, తాపీగా, ఏమాత్రం తొణకకుండా పోతోంది. అసూయ కంటే ముందు నాకు కలిగింది ఆశ్చర్యం. నిజంగా. ఎవరు ఈ మనిషి, ఇంత అందంగా ఎట్లా జారుతున్నాడు?

ఆరో రోజు పొద్దున ఏడింటికే పోయాను. పది దాటితే కరెంటుకు భరోసా లేని రోజులు. షట్టరు సగానికి ఎత్తి ఉంది, లోపల టీవీ వెలుగుతోంది. వంగి చూశాను. ఆపా. నేల మీద కూర్చుని ఉంది, పక్కన బీడీ ఆకుల చాట. చూపు తెర మీది నుంచి కదలడం లేదు. రోజంతా ఆకు తిప్పి, తంబాకు నింపి, దారం చుట్టే ఆ వేళ్లు మీటల మీద ఏ తొందరా లేకుండా ఆడుతున్నాయి. కొండ దిగిపోయింది. పేరు కొట్టమని తెర అడిగింది. ఆమె పట్టించుకోకుండా చేతిలోది కింద పెట్టి ఒక బీడీ ఆకు అందుకుంది.

నేను చప్పుడు చేయకుండా వెనక్కి వచ్చేశాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ పూట దుకాణంలో పండగ అయ్యేది, అది నాకు తెలుసు. 'మన ఆపానే' అని ఎగిరేవాళ్లు పోరగాళ్లు. ఎందుకు చెప్పలేదో అప్పుడు నన్ను నేను అడగలేదు. ఇప్పుడు అడిగితే మాత్రం ఒక్క జవాబు రాదు. ఆడమనిషి చేతిలో ఓడిపోయానన్న కచ్చ, అది ఉంది. కాదంటే ఇంకో అబద్ధం. అయితే అదొక్కటే కాదు. నేను రెండేళ్లు కష్టపడి ఎక్కిన చోటుకు ఆమె ఆరు రోజుల్లో ఎక్కి, అక్కడ తన పేరు కూడా రాసుకోలేదు. నేను ప్రాణం పెట్టిన దాన్ని ఆమె అవసరం లేదన్నట్టు వదిలేసింది. అది ఎక్కువ కాలింది.

పన్నెండో రోజు యూసుఫ్ భాయ్ అడిగాడు, అందరి మాట ఒకటి రాసి ఇవ్వమని. మాకు అది అలవాటైన పనే. ఆ రోజుల్లో రాసివ్వనిదేమన్నా ఉందా? కులసంఘం తీర్మానం, కాలేజీ తీర్మానం, వకీళ్ల తీర్మానం. మేం కూడా నవ్వులాటకు ఆటల జేఏసీ అని పెట్టుకున్నాం. దస్తూరి బాగుంటుందని నేను కన్వీనరు. టెంటు కింద నేర్చుకున్న పద్ధతి ఒకటి ఉండేది. మనుషులు దొరికినప్పుడు ముందు తెల్లకాగితం మీద సంతకాలు తీసుకోవాలి, విషయం తర్వాత తీరిగ్గా పైన రాసుకోవాలి. రోజుకు రెండు మూడు కాగితాల మీద అట్లా పెట్టేవాళ్లం. ఏం రాస్తారని ఎవరూ అడగరు. అడిగితే నమ్మకం లేనట్టు. నేను కాగితం చాపితే పద్నాలుగు మందీ కింద సంతకాలు పెట్టారు. ఆటోవాడు ఆటో సీటు మీద ఆనించి పెట్టాడు.

అత్త ఇంట్లో, మధ్యాహ్నం, ఫ్యాను ఆగిపోయిన గదిలో కూర్చున్నాను. ఒక పక్క నోటుబుక్కు, ఒక పక్క కాగితం. నోటుబుక్కులో ఉన్నది పైన ఎక్కిస్తే అయిపోయేది. ఏడుగురికి ఇది, ఐదుగురికి అది. ఆ ముక్క రాయబోయాను కూడా. కానీ పెన్ను పట్టుకుంటే టెంటు భాషే వచ్చింది. 'కొత్త ఆట మాకు వద్దని, పాత ఆటే మాకు కావాలని ఏకగ్రీవంగా తీర్మానిస్తున్నాము.' రాశాక చదువుకున్నాను. ఎంత బాగుందో. ఏకగ్రీవం అన్న మాటలో ఒక రుచి ఉంటుంది, అది రాసిన చేతికే తెలుస్తుంది. చింపేసి మళ్లీ సంతకాలు అడగొచ్చు, పది నిమిషాల పని. చింపలేదు. ఆపా కోసం గోడకు కొట్టిన పలక గుర్తుకొచ్చింది. గుర్తుకొచ్చే మడత పెట్టాను.

ఆ రోజుల్లో బస్సులు బందు. డబ్బాను వాపసు ఇవ్వడానికి యూసుఫ్ భాయ్ బండి మీద జగిత్యాల పోయాం. వెనక కూర్చుని డబ్బాను ఒళ్లో పెట్టుకున్నది నేనే. మధ్యలో రోడ్డు మీద వంటావార్పు, రాళ్ల పొయ్యిలు, పొగ. బండి ఆపి, "ఏందన్నా గా డబ్బా?" అన్నాడు ఒక పెద్దమనిషి. గుమ్మడికాయ దొంగ అనకముందే నేను భుజాలు తడుముకున్నాను. యూసుఫ్ భాయ్ నవ్వాడు.

"ఆట డబ్బా. మా పోరలు వద్దన్నరు, వాపస్ ఇయ్యవోతున్నం. అందరు సంతకాలు వెట్టిండ్రు. ఒక్కడు గూడ తప్పలే."

"గట్లుండాలె," అన్నాడు ఆయన. మమ్మల్ని కూర్చోబెట్టి విస్తరాకులో అన్నం, పప్పుచారు పెట్టారు. యూసుఫ్ భాయ్ ఇష్టంగా తింటూ నా వీపు తట్టాడు. అందరం ఒక్క మాట మీద ఉన్నామని ఆయనకు నా మీద గర్వం. చెప్పడానికి అంతకంటే మంచి చోటు ఉండదు. డబ్బా ఇంకా నా పక్కనే ఉంది, జగిత్యాల ఇంకా సగం దూరం ఉంది. రెండోసారి పప్పుచారు పోయించుకున్నాను.

మర్నాడు దుకాణంలో నేనొక్కణ్ణే ఉన్నప్పుడు పరదా వెనక నుంచి పిలుపు వచ్చింది. పరదా జరిపి ఆమె గడప దగ్గర నిలబడింది, చేతిలో కత్తెర. వెనక గోడ మీద నేను కొట్టిన పలక ఖాళీగా కనబడుతోంది.

"సిరిసిల్లా, ఒక్క మాట అడుగుత. ఎవ్వలికి గూడ నచ్చలేదా గా ఆట?"

"లేదు ఆపా."

"ఒక్కలికి గూడనా?"

"ఒక్కలికి గూడ."

"నీకు?"

అడగదనుకున్నాను. "నాకు గూడ నచ్చలే," అన్నాను.

ఆమె నన్ను అనుమానించలేదు. అనుమానిస్తే బాగుండేది. తనను తాను అనుమానించుకుంది. కత్తెర వైపు చూస్తూ, "గట్లనా," అంది. "నాకైతే మస్తు మంచిగనిపిచ్చింది. అందరు ఒక తీరంటే నేనొక తీరు. నాకే తెల్వదు గావొచ్చు."

పరదా వేసుకుని లోపలికి పోయింది. నెల తిరిగేసరికి ఆ పలక మీద బీడీ కట్టలు పేర్చి ఉన్నాయి.

దొరికిపోతానని చాలా రోజులు భయపడ్డాను. దొరకలేదు. ఎందుకు దొరకలేదన్నది ఇప్పటికీ నాకు వింతే. ఆ కాగితాన్ని యూసుఫ్ భాయ్ దుకాణం గోడకు అంటించాడు, అందరూ చదివారు. నచ్చినవాళ్లు ఏడుగురు కదా, ఒక్కడన్నా 'నేను అట్లా అనలేదే' అని అడగాలి కదా? అడగలేదు. నచ్చింది నాకొక్కడికేనేమో అని ఎవరికి వారు అనుకుని, గుంపులో గోవిందా కొట్టి ఊరుకున్నారు. గల్ఫు సెలవు మీద వచ్చినతను ఆ కాగితాన్ని కాసేపు చూసి, "మందికి నచ్చకుంటే ఏం జేస్తం," అని చెప్పులు వేసుకుని పోయాడు. మళ్లీ దుకాణానికి రాలేదు.

బయట జరుగుతున్న ఉద్యమం నిజం. టెంటు కింద కూర్చున్నవాళ్ల గొంతు నిజం. ఆ నిజంలో నుంచి ఒక మాట దొంగిలించి నా పట్టీకి అతికించుకున్నాను. రాష్ట్రం వచ్చింది. ఆ రోజు అందరితో పాటు నేనూ రోడ్డు మీద ఎగిరాను. ఎగురుతూ ఎగురుతూ పచ్చ పరదా గుర్తుకొచ్చి పక్కకు వచ్చి నిలబడ్డాను. ఎవరో నాకు నీళ్లిచ్చారు, అలసిపోయాననుకుని.

ఇప్పుడు గంభీరావుపేట దగ్గర ఒక బడిలో పిల్లలకు చదువు చెబుతున్నాను. ఏదైనా అడిగి చేతులు ఎత్తించేటప్పుడు ముందు కళ్లు మూసుకోమంటాను. పక్కవాణ్ణి చూసి ఎత్తకూడదు కదా. తోటి సార్లకు ఇదొక చాదస్తం. ఎక్కడ నేర్చుకున్నావని ఒకాయన అడిగితే ట్రెయినింగులో అని చెప్పాను.

రెండేళ్ల కింద వేములవాడ బస్టాండులో ఆపా కనబడింది. దర్గాకు వచ్చి పోతోంది, పక్కన పదేళ్ల కూతురు. నేను పలకరించకముందే, "సిరిసిల్లా," అంది. నా పేరు నాకే కొత్తగా వినబడింది. మంచీ చెడ్డా మాట్లాడుకున్నాం. యూసుఫ్ భాయ్ దుకాణం ఎప్పుడో తీసేశాడట. ఆ పిల్ల ఫోనులో ఏదో ఆట ఆడుతూ, ఒక చోట గెలవలేక, ఫోనును తల్లి చేతిలో పెట్టబోయింది.

"నాకు రాదు బిడ్డా. నాకు ఆటలు తెల్వయి," అంది ఆపా. తర్వాత నా వైపు తిరిగి నవ్వింది. "గప్పుడు మీరు ఆడుతుంటే సూసేదాన్ని. గంతే."

చూసేదాన్ని, అంతే. మరచిపోయిందా? లేక నేను చెప్పిన మాటనే నమ్మి, తాను ఆడిన ఆ పొద్దులన్నింటినీ తన లెక్కలోంచి తానే తుడిచేసుకుందా? అడగాలని నాలుక దాకా వచ్చింది. కోరుట్ల బస్సు వచ్చింది. ఆమె ఎక్కింది, కిటికీలోంచి ఆ పిల్ల చెయ్యి ఊపింది, నేనూ ఊపాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు. నేను ఆకులు కూడా పట్టుకోలేదు.

ఇదంతా రాసి ఆమెకు పంపితే? ఆలోచించాను. పంపితే ఆమె క్షమిస్తుంది, ఆమె అట్లాంటి మనిషి. నాకు భయమేసింది. ఆమె చేత అది కూడా చేయించుకోవడం ఏం న్యాయం? పంపకపోతే ఆమెకు నిజం తెలియదు, అది ఇంకో అన్యాయం. ఈ రెంటి మధ్య నాకు దారి దొరకలేదు. మీకు చెప్పడం దారి కాదని తెలుసు. అయినా ఇంత దూరం రాశాక గుండె మీద చెయ్యి కొంచెం తేలిగ్గా ఆనుతోంది. అంతకంటే నాకేమీ అక్కర్లేదు.

నోటుబుక్కు నా దగ్గరే ఉంది. అట్టలు ఊడిపోయాయి, లోపల సిరా నిలిచే ఉంది. నిన్న తీసి పద్నాలుగు మాటలూ చదివాను. పదిహేనో వరుసలో, అప్పుడు ఖాళీగా వదిలిన చోట, రాశాను. 'నచ్చింది. మొదటి రోజే నచ్చింది.'

కింద ఇంకో వరుస గీసి, పదహారు అని అంకె వేశాను. అప్పుడు నేను అడగని మనిషిది అది. 'రేహానా ఆపా. మస్తు మంచిగనిపిచ్చింది' అని రాశాను. పట్టీలో మొదటి పేరు ఆమెదే.